ఈసీఈ నుంచి ఎ అండ్ పి దాకా: ఒక ట్యూటర్ రాసుకున్న కేసు

టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ ద్వారా నర్సింగ్‌లోకి వెళ్లాలంటే ముందు అనాటమీ అండ్ ఫిజియాలజీ పాసవ్వాలి. ఇక్కడ అందరూ ఎ అండ్ పి అనే అంటారు. రెండు సెమిస్టర్లు: బయాలజీ 2401, బయాలజీ 2402. ఒక్కోదానికి నాలుగు క్రెడిట్లు, లెక్చర్‌తో పాటు ల్యాబ్. సీ కంటే తక్కువ గ్రేడ్ వస్తే చాలా నర్సింగ్ ప్రోగ్రాములు ఆ కోర్సును లెక్కలోకి తీసుకోవు. సీట్లకు పోటీ ఉన్నచోట సీ తెచ్చుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు. ఒక సైన్స్ కోర్సును ఎన్నిసార్లు తీసుకున్నారో చూసే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అందుకే మొదటి పరీక్షలో దెబ్బ తిన్నవాళ్లు టెన్షన్‌తో ట్యూటరింగ్ సెంటర్‌కి వస్తారు. అలాంటి ఒక సెంటర్‌లో ఈ సబ్జెక్టు చెప్పడం నా పని.

ఈ కేసు డాలస్ శివార్లలో ఉండే ఒక తెలుగావిడది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. వయసు ముప్పై దాటింది. ఇంటర్లో ఎంపీసీ, తర్వాత ఈసీఈలో బీటెక్, హైదరాబాద్‌లో కొన్నేళ్లు టెస్టింగ్ ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా. ఆ వీసా మీద ఉద్యోగానికి వేరే అనుమతి కావాలి గానీ చదువుకోవడానికి అడ్డు లేదు. పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోలేదు.

మొదటి యూనిట్ పరీక్షలో 58 వచ్చింది, మొదటి ల్యాబ్ ప్రాక్టికల్‌లో 51. ఇలాంటి మార్కులు మాకు కొత్త కాదు. నన్ను ఆపింది ఆవిడ నోట్సు. ప్రొఫెసర్ చూపించిన ప్రతి స్లైడూ ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ రాసి ఉంది. ఓపెన్‌స్టాక్స్ ఉచిత పుస్తకాన్ని అధ్యాయాలుగా ప్రింట్ తీసి, పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో హైలైట్ చేశారు. పిల్లలు పడుకున్నాక అర్ధరాత్రి దాకా చదువుతున్నారు. ఒక్కో అధ్యాయం కనీసం మూడుసార్లు చదివారట. ఇంత చేసిన మనిషికి ఇంకా కష్టపడండి అని చెప్పడంలో అర్థం లేదు. ఇంగ్లీషుతో కూడా ఇబ్బంది లేదు, ఏళ్ల తరబడి ఆ భాషలోనే ఉద్యోగం చేశారు.

"చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుందండీ. పేపర్ ముందుకొస్తే ఏదీ గుర్తురాదు" అన్నారు.

పుస్తకం, ఫోన్ పక్కన పెట్టించి తెల్ల కాగితం ఇచ్చాను. పొడవాటి ఎముక ఒకటి గీసి భాగాలు రాయమన్నాను. మధ్య భాగం, రెండు చివర్లు గీసి డయాఫిసిస్, ఎపిఫిసిస్ అని రాశారు. పైన పొర ఉంటుందని తెలుసు, పేరు రాలేదు. లోపలి ఖాళీ గీయనే లేదు. తర్వాత అదే ఎముక బొమ్మ చూపించి పేర్లు విడిగా ఇచ్చి జతపరచమంటే ఒక్కటీ తప్పు పోకుండా పెట్టేశారు. చూస్తే గుర్తుపడుతున్నారు, చూడకుండా చెప్పలేకపోతున్నారు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఆవిడ సమస్య. మూడోసారి చదివినప్పుడు పేజీ బాగా పరిచయమైపోతుంది. ఆ పరిచయాన్ని మనసు జ్ఞానం కింద జమ వేసుకుంటుంది.

దీని మీద 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి ఉంది. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే తలకిందులైంది: గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు 56 శాతం, మళ్లీ చదివినవాళ్లు 42 శాతం. ఈ లెక్కలు ఆవిడకు చూపించాను. టెస్టింగ్ చేసిన మనిషి కదా, డేటా ఉంటే ఒప్పుకుంటారని.

ఒప్పుకున్నారు గానీ హైలైటర్లు వదలడానికి చాలా కాలం పట్టింది. తెల్ల కాగితం పద్ధతిలో కూర్చున్న ప్రతిసారీ ఏం రాదో కళ్లకు కనబడుతుంది. అర్ధరాత్రి అలసిపోయి ఉన్నప్పుడు అది ఎవరికీ నచ్చదు. రంగులు వేస్తే పని జరిగినట్టు ఉంటుంది. పైగా బీటెక్ అంతా పాత ప్రశ్నపత్రాలు చూసి, వచ్చే ప్రశ్నలు అంచనా వేసి, జవాబులు బట్టీ పట్టి గట్టెక్కిన అలవాటు. అక్కడ ఆ పద్ధతి పనిచేసింది, ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. పనిచేసిన పద్ధతిని వదలమంటే ఎవరికైనా కష్టమే.

ల్యాబ్: ఎముక చేతికొస్తే

ల్యాబ్ ప్రాక్టికల్ ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. బల్లల మీద వరసగా స్టేషన్లు. ఒక్కోచోట ఒక ఎముకో, మోడలో, మైక్రోస్కోప్ కింద స్లైడో. దాని మీద ఒక పిన్నో స్టిక్కరో ఉంటుంది. సుమారు నిమిషం సమయం, పేరు రాయాలి, గంట మోగితే పక్క స్టేషన్‌కి జరగాలి. ఆప్షన్లు ఉండవు. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు స్పెల్లింగ్ తప్పుకు మార్కు కోస్తారు. తుంటి ఎముకలోని ఇలియం, చిన్నపేగు చివర ఉండే ఇలియం ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా, ఆ అక్షరానికి మార్కు పోతుంది.

ఆవిడ ఎముకలన్నీ పుస్తకంలోని బొమ్మల నుంచి నేర్చుకున్నారు. బొమ్మ ఎప్పుడూ ఎదురుగా, నిటారుగా ఉంటుంది. పరీక్షలో భుజం ఎముక బోర్లా పడి ఉంది. తొడ ఎముకలో పై చివర మాత్రమే కనబడేలా పెట్టారు. అంతే, కొత్త వస్తువైపోయింది.

మేం చేసింది చాలా సాదా పని. మా సెంటర్‌లో ప్లాస్టిక్ ఎముకల పెట్టె ఉంది. కళ్లు మూసుకోమని ఒక ఎముక చేతిలో పెడతాను. ఏ ఎముక, కుడిదా ఎడమదా, ఏ రెండు గుర్తులతో తేల్చారు, ఈ మూడూ చెప్పాలి. రెండు గుర్తులు ఎందుకంటే ఒక్కదానితో ఏ పక్కదో తేలదు. తొడ ఎముకలో గుండ్రటి తల శరీరం మధ్యకు చూస్తుంది, లీనియా ఆస్పెరా అనే గరుకు గీత వెనక ఉంటుంది. ఈ రెండూ పట్టుకుంటే ఎముక ఎటు తిరిగి ఉన్నా పక్క తెలిసిపోతుంది. భుజం ఎముకకు వెనక వైపు నిక్కిన గట్టు, పక్కకు చూసే గ్లీనాయిడ్ గుంట. హ్యూమరస్‌కు, అంటే పై చేతి ఎముకకు, మోచేతి దగ్గర వెనక ఓలెక్రెనాన్ ఫోసా అనే గుంట. కాలర్ ఎముక దగ్గర మాత్రం అందరిలాగే చాలాసార్లు తడబడ్డారు.

తర్వాత ఆ ఎముకను తన ఒంటి మీద చూపించాలి. మోకాలి కింద పక్కన చేత్తో తడిమి ఫిబ్యులా తల దొరికిందని చెప్పినరోజు ఆవిడకు ఈ సబ్జెక్టు మీద మొదటిసారి ఇష్టం పుట్టిందని నా అనుమానం. రెండో ప్రాక్టికల్‌లో 78 వచ్చింది.

నరం వైరు లాంటిదేనా?

నా దృష్టిలో ఈ కేసు అసలు విషయం ఇక్కడే ఉంది. నాడీవ్యవస్థ పాఠం వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగింది. వోల్టేజీ, చానల్, సిగ్నల్, థ్రెషోల్డ్, అన్నీ తెలిసిన మాటలే. క్లాసులో మిగతావాళ్లు భయపడే అధ్యాయం తనకు తేలిక అనుకున్నారు. క్విజ్‌లో సగం పోయాయి.

తెల్ల కాగితం మీద గీయించి, గీస్తున్నంతసేపూ పైకి మాట్లాడమన్నాను. మూడు తప్పులు బయటపడ్డాయి. మొదటిది: ఆక్సాన్, అంటే నరకణం నుంచి సాగే పొడవాటి పోగు, దాని వెంబడి కరెంటు వైరులో లాగా ఈ చివర నుంచి ఆ చివరకు ప్రవహిస్తుందని. రెండోది: గట్టిగా నొక్కితే పెద్ద సిగ్నల్, మెల్లగా నొక్కితే చిన్న సిగ్నల్ అని. మూడోది: సిగ్నల్ అయ్యాక కణాన్ని మళ్లీ మైనస్‌కి తెచ్చేది సోడియం పొటాషియం పంపు అని. మూడోది బైపీసీ చదివినవాళ్లలోనూ ఉంటుంది. మొదటి రెండూ ఆవిడ బీటెక్ నుంచి వచ్చినవి.

ఇలాంటి చోట ట్యూటర్లు సాధారణంగా చేసే పని "మీ ఎలక్ట్రానిక్స్ మర్చిపోండి" అనడం. నాకు అది నచ్చదు. మర్చిపోవడం ఎవరి వల్లా కాదు, పైగా ఆ పోలికలో నిజం కూడా ఉంది. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగల కోసం 1850లలో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, వేసిన కేబుల్ లెక్కల్నే ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రవేత్తలు ఆక్సాన్‌కి వాడారు. అందుకని పోలికను ఉంచి, అది ఎక్కడ తెగుతుందో ఆవిడతోనే వెతికించాను. పద్ధతి ఒక్కటే: ముందు జోస్యం రాయాలి, కారణం రాయాలి, ఆ తర్వాతే పుస్తకం తెరవాలి.

ఆక్సాన్ మామూలు వైరే అయితే, ఉప్పునీటిలో సరైన ఇన్సులేషన్ లేకుండా పడి ఉన్న తీగలో సిగ్నల్ ఎంత దూరం పోతుంది అని అడిగాను. లీకైపోయి కొద్ది దూరంలోనే చచ్చిపోతుందని తనే చెప్పారు. మరి నడుము దగ్గర నుంచి కాలి బొటనవేలి దాకా తగ్గకుండా ఎలా చేరుతోంది? కాసేపు ఆలోచించి "దారిలో రిపీటర్లు ఉండాలి" అన్నారు, అంటే నీరసించిన సిగ్నల్‌ను మళ్లీ పూర్తి బలంతో పంపే పరికరాలు. ఉన్నాయి. ఆక్సాన్ పొర మీద సోడియం లోపలికి వచ్చే ద్వారాల్లాంటి సోడియం చానళ్లే ఆ రిపీటర్లు. లోపలి వోల్టేజీ మైనస్ 70 మిల్లీవోల్టుల నుంచి మైనస్ 55 దాకా లేచిందా, అవి తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, వోల్టేజీ ప్లస్ 30 దాకా పోతుంది. ఆ ఊపు పక్క చానళ్లను తెరుస్తుంది. ప్రతిచోటా సిగ్నల్ మళ్లీ పూర్తి ఎత్తులో కొత్తగా పుడుతోంది కాబట్టి రెండో తప్పు దానంతట అదే కూలిపోయింది. ఎత్తు మారనప్పుడు, గట్టిగా నొక్కిన సంగతి మెదడుకు ఎలా తెలుస్తుంది? "సెకనుకు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టుకుంటుందేమో" అన్నారు. అంతే. ఎక్కువ నరాలు కలిసి స్పందించడం కూడా ఒక దారి. నరాల సిగ్నళ్లను పరిశోధించిన ఎడ్గార్ ఏడ్రియన్‌కు 1932లో వచ్చిన నోబెల్ వెనక ఉన్న పనిలో ఈ ఫ్రీక్వెన్సీ సంగతి ముఖ్యమైనది.

మూడో తప్పుకు ప్రశ్న వేరు. ఇప్పుడే పంపును విషం పెట్టి ఆపేశాం, తర్వాతి సిగ్నల్ వస్తుందా? రాదని రాశారు. వస్తుంది. స్క్విడ్ అనే సముద్ర జీవికుండే పెద్ద ఆక్సాన్‌లో పంపును ఆపినా అది చాలాసేపు సిగ్నళ్లు పంపుతూనే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో సిగ్నల్‌కు అటూ ఇటూ దాటే అయాన్లు లోపలి నిల్వతో పోలిస్తే చాలా కొద్ది. వోల్టేజీని మళ్లీ కిందికి దింపేది పొటాషియం తన చానళ్ల గుండా బయటకు పోవడమే. మూడు సోడియం బయటకు, రెండు పొటాషియం లోపలికి తోసే పంపు ఆ నిల్వను దీర్ఘకాలం కాపాడుతుంది. ఈ జోస్యం తప్పినందుకు ఆవిడ చాలా చిరాకు పడ్డారు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఈ ప్రశ్న తప్పు పోలేదు. ముందుగా పందెం కాసి ఓడిపోయిన విషయం మనిషికి బాగా గుర్తుంటుంది.

తర్వాత క్లినికల్ ప్రశ్నలు తేలికయ్యాయి. మొద్దుబార్చే మందు లిడోకెయిన్ సోడియం చానళ్లను మూసేస్తుంది, కాబట్టి ఏమవుతుంది? మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో మైలిన్, అంటే ఆక్సాన్ చుట్టూ ఇన్సులేషన్‌లా ఉండే కొవ్వు పొర, పోతే? మైలిన్ ఉన్న పెద్ద నరంలో సిగ్నల్ సెకనుకు నూరు మీటర్లు దాటి పోగలదు, మైలిన్ లేని సన్నటి దానిలో మీటరో రెండు మీటర్లో. ఇన్సులేషన్ పోతే లీకు పెరిగి, తర్వాతి రిపీటర్ దాకా సిగ్నల్ చేరదని ఆవిడ మాటల్లోనే రాశారు. ప్రొఫెసర్ ఆ జవాబుకు పూర్తి మార్కులిచ్చారు.

2401 చివరికి 80 మీద కొద్దిగా వచ్చి, అంచులో బీ గ్రేడ్ దక్కింది.

2402లో కొన్ని సంగతులు

రెండో సెమిస్టర్‌లో గొర్రె గుండె డిసెక్షన్ ఉంది. ఆవిడది శాకాహార కుటుంబం. ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. కత్తి పట్టడం కన్నా ఆ ప్రిజర్వేటివ్ వాసనే ఎక్కువ బాధపెట్టిందన్నారు. వీలైతే ఇన్‌స్ట్రక్టర్‌తో ముందే మాట్లాడమని ఇలాంటివాళ్లకు చెబుతాను. కొన్ని కాలేజీల్లో మోడళ్లతోనో డిజిటల్ టేబుల్‌తోనో చేసే వీలుంటుంది. ఈవిడ మాత్రం మాస్కు, డబుల్ గ్లోవ్స్ వేసుకుని చేశారు, ఇంటికెళ్లి తలస్నానం చేశారు. అత్తగారికి చెప్పలేదట. ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా ఎంత మందమో వేళ్ల మధ్య పట్టుకుని చూశాక ఆ సంగతి మళ్లీ అడగాల్సిన అవసరం రాలేదు.

గుండె వాల్వులను కండరాలు లాగి తెరుస్తాయని అనుకునేవారు, చాలామంది అనుకుంటారు. వాల్వును తెరిచేదీ మూసేదీ అటూ ఇటూ ఉన్న ప్రెషర్ తేడాయే. పాపిల్లరీ కండరాల పని మూసుకున్న రెక్కలు వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచడం. ఎడమ జఠరిక, కర్ణిక, మహాధమని ప్రెషర్లు ఒకే కాలరేఖ మీద గీసే విగ్గర్స్ చార్టు చూస్తే మిగతా విద్యార్థులు నీరసించిపోతారు. ఆవిడ దాన్ని, వోల్టేజీ మార్పులను గీతలుగా చూపించే ఆసిలోస్కోప్ తెర చదివినట్టు చదివేశారు. జఠరిక ప్రెషర్ కర్ణికను దాటినచోట ఒక వాల్వు మూసుకుంటుంది, మహాధమనిలోని 80ని దాటినచోట ఇంకోటి తెరుచుకుంటుంది. ఆ రెంటి మధ్య కొద్ది క్షణం అన్నీ మూసే ఉంటాయి. ఈ ముక్క నేను చెప్పలేదు, చార్టులోంచి ఆవిడే తీశారు.

కిడ్నీ దగ్గర మాత్రం ఆవిడ చదువు నాకు కూడా పనికొచ్చింది. గ్లోమెరులస్ అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి నాళాల ముద్ద. దానిలోకి రక్తం తెచ్చే అఫరెంట్ నాళం బిగిస్తే వడపోత తగ్గుతుంది, బయటకు తీసుకెళ్లే ఎఫరెంట్ నాళం బిగిస్తే పెరుగుతుంది. విద్యార్థులు ఈ రెండూ బట్టీ పట్టి, పరీక్షలో తారుమారు చేసుకుంటారు. ఆవిడ రెండు రెసిస్టర్లు వరసగా గీసి, మధ్యలో గ్లోమెరులస్ పెట్టి "ఇది వోల్టేజ్ డివైడరే కదా" అన్నారు. అవును. ముందు రెసిస్టర్ పెంచితే మధ్య వోల్టేజీ పడుతుంది, వెనకది పెంచితే లేస్తుంది, ఏది పెంచినా మొత్తం ప్రవాహం తగ్గుతుంది. బీపీకి వాడే ఏసీఈ ఇన్హిబిటర్ మందులు ఎఫరెంట్ నాళాన్ని వదులు చేస్తే వడపోత ఎందుకు తగ్గుతుందో ఆ బొమ్మ మీదే చెప్పేశారు. ఇప్పుడు ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లకు నేను ఇదే బొమ్మ గీస్తున్నాను.

ఇక్కడా పోలిక తెగే చోటు వెతికాం. ఎఫరెంట్ నాళాన్ని మరీ గట్టిగా బిగిస్తే వడపోత మళ్లీ పడిపోతుంది, ప్రవాహం మందగించి రక్తంలో మిగిలిన ప్రోటీన్ చిక్కబడి నీటిని లోపలికి లాగుతుంది కాబట్టి. సర్క్యూట్‌లో ప్రోటీన్‌కి సమానమైనది లేదు. ఆ బొమ్మ పక్కనే "ప్రోటీన్ లేదు" అని ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. రంగు పెన్నులకు అదొక మంచి ఉపయోగం. రోజుకు 180 లీటర్లు వడపోసి లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రంగా వదిలే అవయవంలో చిన్న తేడా ఎంత దూరం పోతుందో లెక్క కట్టడం ఆవిడకు సరదా అయిపోయింది.

చదివే సమయం మాత్రం పెరగలేదు, తగ్గింది. అత్తమామలు ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఇల్లు నిండుగా ఉన్నప్పుడు రాత్రి చదువు కుదరదు. పాప కూచిపూడి క్లాసులో ఉన్నంతసేపూ పార్కింగ్‌లో కారులో కూర్చుని తెల్ల కాగితం మీద ఏదో ఒక దారి గీసేవారు: ఎర్ర రక్తకణం గుండెలోకి వచ్చి తిరిగి వచ్చేదాకా, ఒక అన్నం మెతుకు గ్లూకోజ్‌గా మారి కాలేయం చేరేదాకా. ఇంటికెళ్లాక పుస్తకంతో సరిచూసుకోవడం, వదిలేసినవి మూడు రోజుల తర్వాత మళ్లీ గీయడం. 2402లో 88 వచ్చింది.

కుదరనివి

కణజాలాల స్లైడ్లు ఆవిడకు చివరిదాకా లొంగలేదు. ఒక్కో కణజాలానికి ఒక్కో ఫొటో గుర్తుపెట్టుకునేవారు, అదీ రంగును బట్టి. కణజాలాలకు రంగు వేయడానికి మామూలుగా వాడే హెచ్ అండ్ ఇ స్టెయిన్‌లో దాదాపు అంతా గులాబీ, ఊదా రంగుల్లోనే కనబడుతుంది. వేరే స్లైడ్ పెడితే జవాబు మారిపోయేది. ఖాళీ అంచు ఉందా, ఎన్ని వరసలు, పై వరసలో కణం ఆకారం ఏమిటి, ఈ మూడూ వరసగా తనను తాను అడగడం నేర్పాను. ఎపిథీలియం, అంటే అవయవాల పైపొరల కణజాలం వరకు బాగానే పనిచేసింది. కనెక్టివ్ టిష్యూలో, అంటే అవయవాలను కలిపి ఉంచే కణజాలంలో పనిచేయలేదు, అక్కడ వరసలే ఉండవు. కండరాల మొదళ్లు, చివర్లు కూడా పెద్ద జాబితాగానే మిగిలాయి. వాటికి బట్టీ తప్ప నాకు వేరే దారి కనబడలేదు. బట్టీ ఎప్పుడూ చెడ్డదని నేననను. దేనికి పనికొస్తుందో తెలిసి వాడితే చాలు.

ఈ ఒక్క కేసుతో పద్ధతి గొప్పదని నేను చెప్పబోవడం లేదు. ఆవిడకు ఇంట్లో భర్త సాయం ఉంది, ఫీజు బెంగ లేదు. రెండు ఉద్యోగాలు చేస్తూ రాత్రి క్లాసులకొచ్చే విద్యార్థికి కారులో కూర్చుని గీసే ఆ కాస్త సమయం కూడా దొరకదు. ఎంపీసీ నుంచి వచ్చిన అందరికీ వోల్టేజ్ డివైడర్ గుర్తుంటుందన్న భరోసా కూడా లేదు. మా సెంటర్‌లో నేను మార్చుకున్నది ఒకటే: కొత్తగా వచ్చినవాళ్లకు పాఠం చెప్పే ముందు తెల్ల కాగితం ఇస్తున్నాను. ఏ సైన్సు నుంచి, ఏ ఉద్యోగం నుంచి వచ్చారో కూడా అడుగుతున్నాను.

ఇప్పుడావిడ మైక్రోబయాలజీ తీసుకుంటున్నారు. అక్కడ సగం ల్యాబ్ మైక్రోస్కోప్ ముందే. మొదటి వారమే గ్రామ్ స్టెయిన్, అంటే బాక్టీరియాను రంగును బట్టి రెండు రకాలుగా విడదీసే పరీక్ష, దాని స్లైడ్ పట్టుకుని వచ్చారు. ఈసారి మొదట చూడాల్సింది నిజంగా రంగే, ఊదా అయితే పాజిటివ్, గులాబీ అయితే నెగటివ్. అయినా కణాల ఆకారం, అమరిక ముందు కాగితం మీద గీసి, ఆ తర్వాతే రంగు చెప్పమన్నాను. రెండు స్లైడ్లు సరిగ్గా వచ్చాయి. మూడోదానిలో స్టెయిన్ ఎక్కువసేపు కడిగేశారు, దాన్ని మళ్లీ చేయాలి.